జేబు టార్చి ఏది కొనాలి: ముందు తక్కువ వెలుగు సంగతి చూడండి

ఫోన్‌లో లైటు ఉండగా మళ్ళీ టార్చి ఎందుకని చాలామంది అంటారు. గదిలో చెప్పులు వెతుక్కోవడానికి, గడియ తీయడానికి ఫోన్ లైటు బాగానే సరిపోతుంది. కానీ దాని వెలుగు మామూలుగా 50 ల్యూమెన్ల అటూ ఇటూ ఉంటుంది (ల్యూమెన్ అంటే లైటు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే కొలత). అదీ ఒకచోట నిలవకుండా అంతటా పరుచుకుపోతుంది. వాన పడుతున్నప్పుడు, గట్టు మీద ఒక చేత్తో పంచె ఎగ్గట్టుకుని నడుస్తున్నప్పుడు, వేలకు వేలు పోసి కొన్న ఫోన్‌ను లైటు కోసం పట్టుకు తిరగడం ఎవరికైనా టెన్షనే. తుపాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే ఫోన్‌లో ఉన్న కాస్త చార్జింగ్ మాట్లాడుకోవడానికి మిగలాలి. అందుకే చొక్కా జేబులో పట్టే టార్చి ఒకటి విడిగా ఉండాలంటాను. రెండు వేల లోపు దొరికేది, వెలుగు పెంచుకునీ తగ్గించుకునీ వాడుకోగలిగేది అయితే చాలు.

కొనేవాళ్ళు మొదట చూసేది డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన ల్యూమెన్ల అంకె. నేను మాత్రం ముందు దాని అతి తక్కువ వెలుగు ఎంతో చూడమంటాను. రాత్రిపూట మనం టార్చితో చేసే పనుల్లో ఎక్కువ భాగం 5 నుంచి 50 ల్యూమెన్లతో అయిపోతాయి. నమ్మకం కుదరకపోతే పాత రోజులు గుర్తు తెచ్చుకోండి. రెండు పెద్ద సెల్లు వేసే స్టీలు టార్చిలో ఉండే ఫిలమెంట్ బల్బు ఇచ్చింది 20 ల్యూమెన్ల లోపే. ఆ వెలుగుతోనే మన పెద్దవాళ్ళు రాత్రిళ్ళు చేలకు నీళ్ళు పెట్టి వచ్చారు.

తక్కువ వెలుగు ఎందుకు ముఖ్యమంటే, చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. 300 ల్యూమెన్లు ఒక్కసారి తెల్లగోడ మీద కొడితే ఆ అలవాటు క్షణాల్లో పోతుంది. లైటు ఆపాక ముందు కనిపించినవి కూడా కనిపించవు. నడిరాత్రి పసిబిడ్డకు పాలు కలపాలన్నా, పక్కవాళ్ళు నిద్ర లేవకుండా రైల్లో పై బెర్తు దిగాలన్నా, మంచం దిగే ముందు కింద ఒకసారి చూసుకోవాలన్నా కావలసింది 1 నుంచి 5 ల్యూమెన్లు. మంచం కింద చూసుకోవడం పల్లెల్లో చాదస్తమేమీ కాదు. కట్లపాము తిరిగేది రాత్రిళ్ళే, ఇళ్ళలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. అతి తక్కువ మోడ్‌లోనే 100 ల్యూమెన్లు కొట్టే టార్చిని ఇలాంటి వేళల్లో వెయ్యబుద్ధి కాదు. వెయ్యని టార్చి ఎంత గొప్పదైనా లేనట్టే.

డబ్బా మీద అంకెలను లెక్క కట్టి చూడండి

ఇది కాస్త నెమ్మదిగా చెప్పుకోవలసిన విషయం. ఎందుకంటే చవక టార్చిల్లో అబద్ధమంతా ఇక్కడే ఉంటుంది.

మంచి ఎల్ఈడీ, దాన్ని నడిపే సర్క్యూట్ రెండూ కలిసి ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయి. గోడ గడియారంలో వేసే ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో ఉండే శక్తి రెండున్నర నుంచి మూడు వాట్-అవర్లు (ఒక వాట్ చొప్పున గంటసేపు ఇచ్చే శక్తి ఒక వాట్-అవర్). అంటే ఆ ఒక్క సెల్‌తో 100 ల్యూమెన్లు రెండున్నర గంటలు, 25 ల్యూమెన్లు పది గంటలు వస్తాయి. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్‌లో శక్తి ఇందులో సగానికి కాస్త తక్కువ. 18650 అని పిలిచే లిథియం సెల్ 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. 3000 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె) ఉన్నదైతే అందులో 11 వాట్-అవర్లు ఉంటాయి. అది 1000 ల్యూమెన్లు ఇవ్వగలిగేది మహా అయితే గంట.

ఈ లెక్క చేతిలో ఉంటే డబ్బా మీద మాటలను మీరే తూకం వేసుకోవచ్చు. అరచేతిలో దాగే టార్చికి 10,000 ల్యూమెన్లు అని రాశారనుకోండి. దానికి 100 వాట్లు కావాలి. ఆ వేడికి దాన్ని చేత్తో పట్టుకోలేరు, ఆ సెల్ అంత కరెంటు ఇవ్వనూలేదు. సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అదీ అబద్ధమే. 18650 సైజులో ఎంత మంచి కంపెనీ సెల్ అయినా సుమారు 3500 నుంచి 4000 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. అలాంటి అంకె వేసిన వస్తువులో మిగతా ఏ మాటా నమ్మకండి, దాన్ని వదిలేయండి.

నిజాయితీ గల కంపెనీల అంకెలను కూడా అర్థం చేసుకుని చదవాలి. '1000 ల్యూమెన్లు, 40 గంటలు' అని పక్కపక్కన వేస్తారు. రెండూ నిజమే, కానీ ఒకే మోడ్‌వి కావు. వెయ్యి ఇచ్చేది టర్బోలో, అంటే అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఇచ్చే మోడ్‌లో, నలభై గంటలు వచ్చేది అతి తక్కువ మోడ్‌లో. టర్బోలో కూడా ఒకటి రెండు నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కి టార్చి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, అలా తగ్గించుకోకపోతే ఎల్ఈడీ పాడవుతుంది. టార్చిలను కొలవడానికి కంపెనీలు వాడే ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా గంటలు లెక్కపెడతారు. కాబట్టి చివరి గంటల్లో వచ్చేది గుడ్డి వెలుగే. 'ఇంత దూరం పడుతుంది' అనే మీటర్ల లెక్క కూడా అంతే. అంత దూరంలో పడే వెలుగు 0.25 లక్స్, నిండు పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుందేమో గానీ ఎవరో పోల్చుకోలేం. డబ్బా మీద 100 మీటర్లు అని ఉంటే పనికొచ్చేది 50 మీటర్ల లోపే అనుకోండి.

మోడ్‌ల మధ్య తేడా, మార్చే పద్ధతి

వెలుగు రెట్టింపు చేస్తే కంటికి రెట్టింపు అనిపించదు. నాలుగు రెట్లు చేస్తే గానీ రెట్టింపు అయినట్టు తోచదు. 300, 500, 800 అని మూడు మోడ్‌లున్న టార్చి చేతిలో ఉంటే నొక్కినా మారినట్టే ఉండదు. 5, 50, 300 అని ఉన్నది మూడు వేరువేరు టార్చిలుగా పనికొస్తుంది. ఫీనిక్స్ కంపెనీ ఈ01 వీ2.0 అనే చిన్న టార్చి దీనికి మంచి ఉదాహరణ. రిమోట్ సెల్ ఒక్కటి వేస్తే చాలు, 5, 25, 100 ల్యూమెన్ల మూడు మెట్లు ఇస్తుంది. ఎన్ని మోడ్‌లున్నాయని కాకుండా, ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య నాలుగైదు రెట్లు తేడా ఉందా అని చూడండి.

వెలుగు మార్చడానికి రెండు మూడు పద్ధతులున్నాయి. ఎక్కువగా దొరికేది నొక్కినకొద్దీ మోడ్ మారే రకం. ఇందులో ఎక్కువ, తక్కువ, మినుకుమినుకు అని వరసలో వచ్చే చవక రకాన్ని నేను ఎవరికీ చెప్పను. ఆపాలంటే మినుకుమినుకు దాటి వెళ్ళాలి, చీకట్లో ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళు జిగేల్మంటాయి. స్ట్రోబ్ (గబగబా మినుకుమనడం), ఎస్ఓఎస్ (ఆపదలో సాయం కోరే సంకేతం) లాంటివి రెండుసార్లు గబగబా నొక్కితేనో, చాలాసేపు పట్టుకుంటేనో వచ్చేలా ఉండాలి గానీ రోజువారీ వరసలో ఉండకూడదు. కిందటిసారి ఏ మోడ్‌లో ఆపామో మళ్ళీ అందులోనే వెలిగే సౌకర్యం ఉంటే ఇంకా మేలు. లేదంటే ఎప్పుడు వేసినా తక్కువ నుంచి మొదలయ్యేది తీసుకోండి.

ఇంకోటి మీట నొక్కి పట్టుకుంటే వెలుగు మెల్లగా పెరిగే రకం. కావలసిన చోట వేలు తీస్తే అక్కడ ఆగుతుంది. వాడటం అలవాటైతే దీనంత హాయి ఇంకోటి లేదు. నైట్‌కోర్ ట్యూబ్ లాంటి తాళంచెవుల గుత్తికి తగిలించే లైట్లలో, సోఫిర్న్ ఎస్‌పీ10 ప్రో లాంటి పెన్సిల్ సెల్ టార్చిల్లో ఇది ఉంటుంది. కాకపోతే రెండో దాంట్లో మూడుసార్లు నొక్కితే ఒకటి, నాలుగుసార్లు నొక్కితే ఇంకొకటి అంటూ చాలా మెలికలున్నాయి. ఇలాంటివంటే ఇష్టం ఉన్నవాళ్ళకు సంబరమే. అమ్మానాన్నలకు ఇవ్వడానికైతే వద్దు. పెద్దవాళ్ళ చేతికి మెత్తగా దిగే పెద్ద మీట, రెండు లేక మూడు మోడ్‌లు, అంతే.

వెలుగు తగ్గించడానికి చవక సర్క్యూట్లు ఎల్ఈడీని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. వేగం బాగా ఎక్కువైతే ఏమీ కాదు. తక్కువైతే కళ్ళు లాగుతాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. గదిలో లైట్లన్నీ ఆపి ఫ్యాన్ తిరుగుతుండగా టార్చిని తక్కువ మోడ్‌లో పైకి కొట్టండి. మంచి టార్చి అయితే రెక్కలు కలిసిపోయి పల్చటి పొరలా కనిపిస్తాయి. ఆర్పి వెలిగించేది అయితే రెక్కలు ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఒక్కోసారి నిలబడిపోయినట్టు, వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఫోన్ కెమెరాలో చూస్తే నల్ల చారలు కూడా పడతాయి.

సెల్ దగ్గరే అసలు ఎంపిక

ఏ కంపెనీ అన్నదాని కంటే ఏ సెల్‌తో నడుస్తుందన్నది పెద్ద ప్రశ్న. నాలుగేళ్ళ తర్వాత ఆ టార్చి మీ ఇంట్లో ఉంటుందా లేదా అన్నది దీన్ని బట్టే తేలుతుంది.

పెన్సిల్ సెల్ ఒక్కటి వేసేవాటికి ఉన్న గొప్ప సుగుణం, సెల్ ఏ ఊళ్ళోనైనా కిరాణా కొట్లో దొరకడం. వరద వచ్చి చార్జింగ్ పెట్టుకునే దారి లేనప్పుడు దీని విలువ తెలుస్తుంది. అయితే కొట్లో అడగ్గానే ఇచ్చే చవక సెల్ సాధారణంగా జింక్ రకం. ఆల్కలైన్‌లో ఉండే శక్తిలో సగం కూడా దాంట్లో ఉండదు. జింక్ అయినా ఆల్కలైన్ అయినా నెలల తరబడి లోపలే వదిలేస్తే కారుతుంది. తెల్లటి పొడి కట్టి, స్ప్రింగు తుప్పు పట్టి, టార్చి పనికిరాకుండా పోతుంది. రోజూ వాడితే రీచార్జి చేసుకునే నికెల్ సెల్లు కొనుక్కోండి. వాడకపోయినా తనంతట తాను దిగిపోవడం తక్కువగా ఉండే రకమైతే ఏడాది పక్కన పెట్టినా చాలా భాగం చార్జి నిలుపుకుంటుంది, కారే బెడదా తక్కువ. ఇంకో జాగ్రత్త. 14500 అనే లిథియం సెల్ సరిగ్గా పెన్సిల్ సెల్ సైజులోనే ఉంటుంది, కానీ నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజి 4.2. రెండూ వేసుకోవచ్చని టార్చి మీద రాసి ఉంటేనే అది వేయండి. లేకపోతే సర్క్యూట్ కాలిపోతుంది.

యూఎస్‌బీతో చార్జి అయ్యే టార్చిల్లో రెండు జాతులున్నాయి. సెల్ బయటికి తీయగలిగేవి, తీయలేనివి. తీయలేనిది చిన్నగా, చవకగా, ముద్దుగా ఉంటుంది. కొన్నేళ్ళకు సెల్ చచ్చిపోయాక మొత్తం పారేయాలి. తీయగలిగేదాంట్లో కొత్త సెల్ వేసుకుంటే సరిపోతుంది. ధరలో రెండు మూడు వందలు తేడా ఉన్నా తీయగలిగేదే కొనమంటాను. లిథియం సెల్ విడిగా కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. వాడకుండా పక్కన పెడితే మూడు నాలుగు నెలలకోసారి కాస్త చార్జి చేయండి. విమానంలో వెళ్ళేటప్పుడు విడి లిథియం సెల్లను చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు.

టైప్-సి పోర్టు ఉందని చూసి మురిసిపోకండి. చాలా చవక టార్చిల్లో ఆ పోర్టు లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టరు. అప్పుడు రెండు వైపులా టైప్-సి ఉన్న కొత్త కేబుల్‌తో పెడితే చార్జి ఎక్కదు. పాత పెద్ద యూఎస్‌బీ నుంచి టైప్-సికి వచ్చే కేబుల్‌తోనే ఎక్కుతుంది. టార్చి పాడైందని తిరిగి పంపేసేవాళ్ళు చాలామంది ఉంటారు, అసలు కారణం ఇదీ.

వెనక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి గోడ ప్లగ్గులో గుచ్చే ప్లాస్టిక్ టార్చిలు సంతల్లో, బస్టాండుల్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. చాలావాటిలో ఉండేది లెడ్ బ్యాటరీ. పూర్తిగా దిగిపోయాక కొన్ని నెలలు అలాగే వదిలేస్తే అది మళ్ళీ చార్జి పట్టదు. పైగా వాటి చార్జింగ్ సర్క్యూట్ చాలాసార్లు నేరుగా మెయిన్స్ కరెంటుతో ముడిపడి ఉంటుంది. ప్లగ్గులో ఉండగా వాటిని పట్టుకోవద్దు, వెలిగించవద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చేలో ఒకటి, వీధిలో ఒకటి

జూమ్ టార్చిలు మూడు నాలుగు వందలకు దొరుకుతాయి, మూతి ముందుకు లాగితే వెలుగు ఒక చిన్న చతురస్రంగా దూరం వెళ్ళి పడుతుంది. కొట్లో ఎదురు గోడ మీద చూస్తే భలే అనిపిస్తుంది. కానీ నడవడానికి కావలసింది దూరం కాదు, కాళ్ళ ముందు మూడు నాలుగు మీటర్ల మేర పరుచుకునే మెత్తని వెలుగు. మధ్యలో జిగేల్మనే చుక్క, చుట్టూ కటిక చీకటి ఉంటే గట్టు అంచున ఉన్నది కనపడదు. పైగా మూతి లాగినప్పుడు వెలుగులో చాలా భాగం లోపలే వృథా అవుతుంది, ఆ జాయింట్ల గుండా నీళ్ళు సులభంగా పోతాయి. కొబ్బరిచెట్టు మొవ్వు చూడాలన్నా, చెరువు అవతలి గట్టు చూడాలన్నా జూమ్ పనికొస్తుంది. రోజూ నడిచేవాళ్ళకు గరుకు రిఫ్లెక్టర్ ఉన్నదో, గరుకు లెన్స్ ఉన్నదో మంచిది.

రంగు గురించి కూడా చెప్పాలి. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ అది నీలం వైపు వెళ్తుంది. చవక ఎల్ఈడీలు 6500 కెల్విన్ దగ్గర నీలం తిరిగిన తెలుపు ఇస్తాయి, చూడగానే కాంతి ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ వెలుగులో గోధుమ రంగులన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఎండుటాకుల మీద రక్తపింజర చుట్టుకుని ఉంటే ఆకేదో పామేదో తెలియాలి కదా. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉన్నవి, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో నూటికి చెప్పే అంకె) 90 పైన ఉన్నవి రంగులను దాదాపు పగటిలాగే చూపిస్తాయి. ల్యూమెన్లు కాస్త తగ్గినా పొలానికి వెళ్ళేవాళ్ళకు ఇదే మేలు. వానాకాలంలో పసుపు తిరిగిన వెలుగుకు పురుగులు కూడా తక్కువగా మూగుతాయి.

వాన సంగతి తేలిక. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి చిందే నీళ్ళకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఏమీ కాదు. పొలానికి, వరద ప్రాంతాలకు ఐపీఎక్స్7 తీసుకోండి.

జేబులో తనంతట తాను వెలిగే టార్చి నిజంగా ప్రమాదమే. వెయ్యి ల్యూమెన్ల టార్చి మూతి గుడ్డకు ఆనుకుని వెలిగితే గుడ్డ మాడుతుంది. మీట గుంటలోకి దిగి ఉందా, లాక్ ఉందా చూడండి. చాలా అల్యూమినియం టార్చిలకు వెనక మూతను పావు మలుపు వెనక్కి తిప్పితే కనెక్షన్ తెగిపోతుంది. దాని మరలకు పూసిన ఆనోడైజ్ పూత కరెంటును ఆపుతుంది కాబట్టి అలా జరుగుతుంది. సంచిలో పెట్టేముందు ఆ పావు మలుపు తిప్పడం వేళ్ళకు అలవాటు చేసుకుంటే అనుకోకుండా వెలగదు, ఊరికే ఉన్నప్పుడు సెల్ కూడా దిగదు.

ఎవరికి ఏది

ఇంట్లో అవసరానికి, చేతి సంచిలో వేసుకోవడానికి రిమోట్ సెల్ వేసే పెన్ను సైజు టార్చి చాలు. వంద ల్యూమెన్లు దాటక్కర్లేదు. ఐదు వందల లోపు మామూలు కంపెనీల్లో రెండు మోడ్‌లవి దొరుకుతాయి, మంచి మెట్లున్నవి కావాలంటే వెయ్యి దాటాలి. హాస్టల్లో ఉండే పిల్లలకు, రైళ్ళలో తిరిగేవాళ్ళకు యూఎస్‌బీతో చార్జి అయ్యే తాళంచెవుల సైజుది తేలిక. ఇక్కడ మాత్రం సెల్ తీయలేకపోయినా సర్దుకోవచ్చు, ఎందుకంటే ఇంత చిన్నవాటిలో తీయగలిగేవి అరుదు.

కోస్తాలో తుపాను భయం ఉన్న ఇళ్ళలో పెన్సిల్ సెల్ టార్చి తప్పకుండా ఒకటి ఉండాలి. దానితోపాటు నాలుగు ఆల్కలైన్ సెల్లు విడిగా, ప్యాకెట్ విప్పకుండా. చార్జింగ్ టార్చి ఎంత గొప్పదైనా మూడో రోజుకు దానికీ కరెంటు కావాలి.

రాత్రిపూట పొలానికి వెళ్ళేవాళ్ళకు, నైట్ డ్యూటీ చేసేవాళ్ళకు 18650 సెల్ బయటికి తీయగలిగే, సుమారు పది పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న టార్చి సరైనది. వెలుగు పరుచుకునేది, ఐపీఎక్స్7 ఉన్నది, 4000 నుంచి 5000 కెల్విన్ రంగుది. 50 ల్యూమెన్ల మోడ్‌లో పెట్టుకుని నడిస్తే 11 వాట్-అవర్ల సెల్ ఇరవై గంటల దాకా వస్తుంది, రోజుకు గంట వాడినా వారం పైన చార్జి అక్కర్లేదు. ధర పన్నెండు వందల నుంచి రెండు వేల మధ్య. నాకు ఒక్కటే కొనే డబ్బుంటే ఇదే కొంటాను.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాక రిటర్న్ గడువు దాటకముందే పని కానివ్వండి. అతి తక్కువ మోడ్‌లో ఫ్యాన్ కేసి కొట్టి చూడండి. మీ దగ్గరున్న టైప్-సి కేబుల్‌తో చార్జి ఎక్కుతోందేమో చూడండి. సెల్ నింపి, మధ్య మోడ్‌లో వదిలి, డబ్బా మీద రాసినదాంట్లో కనీసం సగం గంటలైనా వస్తుందా అని గడియారం పెట్టి చూడండి. ఐపీఎక్స్7 అని ఉంటే మూతి, వెనక మూత బిగించి బకెట్ నీళ్ళలో ఓ పావుగంట ముంచి, తీశాక అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూడండి. పట్టిందంటే అదే రోజు తిరిగి పంపేయండి.